వెబ్‌సైట్‌కి కొత్త పేరు పెడుతున్నారా? బ్యాకప్ తీశాం కదా అని పాత డొమైన్ వదిలేస్తే అంతే సంగతులు!

కల్వకుర్తి: 2016 అక్టోబర్ 11. దసరా పండుగ. ఆ రోజు నుంచి కల్వకుర్తి అడ్రస్ మారిపోయింది. అప్పటిదాకా మహబూబ్‌నగర్ జిల్లా. ఆ రోజు నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఊరు అంగుళం కూడా కదల్లేదు. పిన్‌కోడ్ 509324 అలాగే ఉంది. కొత్త బండ్ల మీద మాత్రం టీఎస్ 06 పోయి టీఎస్ 31 వచ్చింది. 2024 మార్చి నుంచి రిజిస్టర్ అయ్యే బండ్లకు అదీ పోయి టీజీ 31 అయ్యింది. దుకాణాల బోర్డులు, లెటర్‌హెడ్లు, రబ్బరు స్టాంపులు.. వీటిని మార్చుకోవడం పెద్ద పనేం కాదు. పెయింటర్‌ని పిలిస్తే అయిపోతుంది.

అయితే ఒక బోర్డు మాత్రం అంత తేలిగ్గా మారదు. అదే వెబ్‌సైట్ పేరు.

ఉదాహరణకు కల్వకుర్తిలో ఓ ప్రైవేట్ స్కూల్ ఉందనుకుందాం. 2012లో సైట్ పెట్టారు. పేరులో ఎంబీఎన్ఆర్ అని ఉంది. ఇప్పుడు జిల్లా వేరు, స్కూల్ కాస్తా జూనియర్ కాలేజీ కూడా అయ్యింది. పేరు మార్చాలి. పన్నెండేళ్లకు పైగా పోగైన ఫొటోలు, రిజల్ట్స్, ఫీజు లింకులు, అడ్మిషన్ ఫారాలు.. అన్నీ కొత్త పేరు మీదికి రావాలి. ఒక్కటీ పోకూడదు. ఇది అయ్యే పనేనా?

అయ్యే పనే. చాలామంది చేస్తున్నదే. కానీ సగం మంది చేసేది సగం పనే.

కరెంట్ బిల్లు సైట్‌కే మూడు పేర్లు

ముందుగా ఒక విషయం. పేరు మార్చుకోవడం చిన్నవాళ్ల సమస్య మాత్రమే కాదు. మన పాలమూరు వైపు కరెంట్ బిల్లు కట్టే డిస్కమ్‌నే తీసుకోండి. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ సెంట్రల్‌పవర్ పేరుతో సైట్ ఉండేది. 2014 జూన్ 2 తర్వాత టీఎస్ సదరన్‌పవర్ అయ్యింది. ఇప్పుడు టీజీ సదరన్‌పవర్ డాట్ ఓఆర్‌జీ. ఇంటర్ బోర్డు సైట్‌లో టీఎస్‌బీఐఈ ఉన్న చోట టీజీబీఐఈ వచ్చింది. ఎప్‌సెట్ సైట్‌లో టీఎస్‌సీహెచ్‌ఈ పోయి టీజీసీహెచ్‌ఈ వచ్చింది.

అంతకన్నా పెద్ద మార్పు బ్యాంకుల్లో జరిగింది. బ్యాంకులన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' డొమైన్‌కి మారాలని రిజర్వ్ బ్యాంక్ 2025 ఫిబ్రవరి 7న ప్రకటించింది. ఏప్రిల్ 22న సర్క్యులర్ ఇచ్చింది. అక్టోబర్ 31 డెడ్‌లైన్. ఈ పేర్లు రిజిస్టర్ చేసే ఏకైక సంస్థ ఎక్కడుందో తెలుసా? మన హైదరాబాద్‌లోనే. మాసబ్ ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ. 1996లో రిజర్వ్ బ్యాంకే పెట్టిన సంస్థ. అందుకే ఇప్పుడు మీ ఫోన్‌లో ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్, హెచ్‌డీఎఫ్‌సీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని కనిపిస్తున్నాయి.

ఎందుకీ మార్పు? డాట్ కామ్ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. బ్యాంక్ పేరుకి అటూ ఇటూ ఒక అక్షరం మార్చి కొని, జనాన్ని మోసం చేయొచ్చు. డాట్ బ్యాంక్ డాట్ ఇన్ మాత్రం బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. అదీ లెక్క.

ఇక్కడ ఓ జాగ్రత్త. 'మీ బ్యాంక్ వెబ్‌సైట్ మారింది, ఈ లింక్ నొక్కి అప్‌డేట్ చేసుకోండి' అని మెసేజ్ వస్తే నొక్కకండి. అడ్రస్ మీరే టైప్ చేయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

సరే, మన స్కూల్ సైట్ దగ్గరికి వద్దాం.

బ్యాకప్ అంటే ఒక్క ఫైల్ కాదు

మన దగ్గర చిన్న సైట్లు చాలావరకు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తాయి. దానికి రెండు భాగాలుంటాయి. ఒకటి ఫైళ్లు. ఫొటోలు, థీమ్, ప్లగిన్లు ఇందులో ఉంటాయి. రెండోది డేటాబేస్. మీరు రాసిన పేజీలు, మెనూలు, యూజర్లు, ఫారాల్లో పేరెంట్స్ నింపిన వివరాలు అందులో ఉంటాయి. ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుంటే ఇల్లు వస్తుంది, సామాన్లు రావు. డేటాబేస్ మాత్రమే తీస్తే రాతలు వస్తాయి, ఫొటోలు రావు. రెండూ ఉంటేనే ఫుల్ బ్యాకప్.

సీప్యానెల్ ఉంటే అందులోనే బ్యాకప్ ఆప్షన్ ఉంటుంది. లేదంటే అప్‌డ్రాఫ్ట్‌ప్లస్, డూప్లికేటర్, ఆల్-ఇన్-వన్ డబ్ల్యూపీ మైగ్రేషన్ లాంటి ప్లగిన్లు ఉన్నాయి. ఏది వాడినా ఫర్వాలేదు. వచ్చిన ఫైల్‌ని అదే హోస్టింగ్‌లో వదిలేయకండి. సర్వర్ పోతే సైట్‌తో పాటు బ్యాకప్ కూడా పోతుంది. ఒకటి మీ కంప్యూటర్‌లో, ఇంకొకటి గూగుల్ డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో పెట్టండి.

మరో మాట. ఆ జిప్ ఫైల్‌లో డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అనే ఫైల్ ఉంటుంది. అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. కాబట్టి 'అన్నా, ఒక్కసారి చూడు' అని జిప్‌ని వాట్సాప్ గ్రూప్‌లో పడేయొద్దు. పబ్లిక్ ఫోల్డర్‌లోనూ వదలొద్దు. పేరు ఊహించగలిగితే ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు అందులో ఉంటాయి మరి.

మొబైల్ హాట్‌స్పాట్ మీద ఫైళ్లు ఒక్కొక్కటిగా ఎక్కించే పని పెట్టుకోకండి. వేల చిన్న ఫైళ్లుంటాయి. మధ్యలో కరెంట్ పోయినా, సిగ్నల్ పోయినా ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో తెలియదు. సర్వర్‌లోనే జిప్ చేసి, ఒకే ఫైల్‌గా తరలించి, అక్కడ అన్‌జిప్ చేయడం మేలు.

తీశాం.. మరి తెరిచి చూశారా?

బ్యాకప్ విషయంలో అందరూ దాటేసే ప్రశ్న ఇదే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సంస్థలో ఓ ఇంజినీర్ ఒక సర్వర్‌లో తుడవాల్సిన డేటాబేస్‌ని పొరపాటున అసలు సర్వర్‌లో తుడిచేశాడు. సరే, బ్యాకప్ ఉంది కదా అని వెళ్తే.. ఐదు రకాల ఏర్పాట్లున్నాయి, ఏదీ సరిగా పనిచేయడం లేదు! అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు ఇంకేదో పని కోసం తీసిన కాపీ ఒకటి దొరికింది. దాంతోనే బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఆ సంస్థ దాచుకోకుండా అంతా బయటికి చెప్పింది కాబట్టి మనకు తెలిసింది.

దక్షిణ కొరియాలో ఇంకా ఘోరం. 2025 సెప్టెంబర్ 26న డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు లేచాయి. ప్రభుత్వ ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు కాలిపోయాయి. వేరే చోట కాపీ లేదు. సైజ్ మరీ పెద్దదని బ్యాకప్ పెట్టలేదట.

వాళ్లతో పోలిస్తే మన స్కూల్ సైట్ రెండు, మూడు జీబీ ఉంటుందేమో. దాన్ని ఎక్కడో ఒకచోట తెరిచి చూడటం అరపూట పని. కొత్త హోస్టింగ్‌లో, ఇంకా జనానికి చెప్పని కొత్త డొమైన్ మీద రీస్టోర్ చేయండి. 2012 నాటి పేజీ ఒకటి, నిన్నటి పేజీ ఒకటి తెరవండి. ఫొటోలు వస్తున్నాయా? ఫారం నింపితే మెయిల్ వస్తోందా? అడ్మిన్ లాగిన్ అవుతోందా? ఇవన్నీ చూశాకే అది బ్యాకప్ అని నమ్మండి. ఈ టెస్ట్ జరిగినన్నాళ్లు గూగుల్‌కి కనిపించకుండా సెట్టింగ్ పెడతారు. అసలు రోజున ఆ టిక్ తీసేయడం మరిచిపోయి, నెల తర్వాత 'మా సైట్ గూగుల్‌లో రావట్లేదు' అని తల పట్టుకునేవాళ్లున్నారు.

తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలైతే..

ఇంగ్లిష్ గైడ్లలో కనిపించని సమస్య ఇది. రీస్టోర్ చేశాక ఇంగ్లిష్ పేజీలు బాగానే ఉంటాయి. తెలుగు పేజీలు తెరిస్తే మాత్రం వరసగా ప్రశ్నార్థకాలు, లేదంటే పిచ్చి గుర్తులు! మీ తెలుగు పోయినట్టేనా?

'కల్వకుర్తి' అనే పేరునే చూడండి. చదివేటప్పుడు మనకు నాలుగు అక్షరాలు. క, ల్వ, కు, ర్తి. యూనికోడ్‌లో మాత్రం ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కేస్తే పది గుర్తులు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. అంటే మొత్తం 30 బైట్లు. ఈ బైట్లను చదివే పద్ధతి రెండు చోట్లా ఒకటే ఉండాలి. పాత డేటాబేస్ ఒక పద్ధతిలో, కొత్తది ఇంకో పద్ధతిలో ఉంటే ఆ 30 బైట్లకు అర్థం మారిపోతుంది.

పిచ్చి గుర్తులు కనిపిస్తే చాలాసార్లు డేటా పోయినట్టు కాదు, తప్పుగా చదువుతున్నట్టు. బాగు చేయొచ్చు. ప్రశ్నార్థకాలే సేవ్ అయిపోతే మాత్రం ఆ కాపీలో తెలుగు పోయినట్టే. మళ్లీ మొదటి బ్యాకప్ నుంచే రావాలి. అందుకే ఒరిజినల్ కాపీని ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. ఎక్స్‌పోర్ట్‌లో, ఇంపోర్ట్‌లో రెండు చోట్లా యూటీఎఫ్8ఎంబీ4 అని ఎంచుకుంటే చాలావరకు ఈ తలనొప్పి రాదు. ఎమోజీలకు నాలుగు బైట్లు కావాలి కాబట్టి పాత యూటీఎఫ్8 కన్నా ఇదే మంచిది.

పేజీల అడ్రస్‌లో కూడా తెలుగు ఉంటే ఇంకో చిక్కు. బ్రౌజర్ లోపల ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాల కోడ్ అవుతుంది. కల్వకుర్తి అనే ఒక్క మాటకే 90! వర్డ్‌ప్రెస్ 200 దగ్గర కత్తిరిస్తుంది. అందుకే పొడుగు తెలుగు హెడ్డింగుల అడ్రస్‌లు సగంలో తెగి ఉంటాయి. చూడ్డానికి బాగోలేదని ఈ తరలింపు టైంలో వాటిని సవరించబోకండి. ఎలా ఉన్నవి అలా ఉంటేనే పాత లింకులు పనిచేస్తాయి.

పేరు మార్చడం.. నోట్‌ప్యాడ్‌లో రీప్లేస్ కొట్టినంత తేలిక కాదు

డేటాబేస్ నిండా పాత డొమైన్ పేరే ఉంటుంది. ప్రతి ఫొటో లింక్‌లో, ప్రతి మెనూలో. దాన్ని కొత్త పేరుగా మార్చాలి. చాలామంది బ్యాకప్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఫైండ్-రీప్లేస్ కొట్టేస్తారు. సైట్ తెరుచుకుంటుంది. కానీ థీమ్ సెట్టింగులు, పక్కన ఉండే బాక్సులు మాయం!

కారణం ఏంటంటే.. కొన్ని సెట్టింగులను వర్డ్‌ప్రెస్ పొడవుతో సహా రాసి పెట్టుకుంటుంది. 'ఈ పక్కన ఉన్నది 28 బైట్ల అడ్రస్' అన్నట్టు. మీరు అడ్రస్ మార్చి 25 బైట్లు చేశారు. పక్కన 28 అనే ఉంది. లెక్క తేడా వచ్చింది కాబట్టి మొత్తం సెట్టింగ్‌నే చదవకుండా వదిలేస్తుంది. అందుకే ఈ లెక్క సరిచేసే టూల్స్‌తోనే మార్చాలి. బెటర్ సెర్చ్ రీప్లేస్ ప్లగిన్ ఉంది. కమాండ్ తెలిసినవాళ్లకు డబ్ల్యూపీ-సీఎల్ఐ ఉంది. రెండింటిలోనూ డ్రై రన్ ఉంటుంది. అంటే మార్చకుండానే ఎన్ని చోట్ల మారుతుందో చూపిస్తుంది. ముందు అది చూసి, తర్వాత అసలు బటన్ నొక్కండి. జీయూఐడీ అనే కాలమ్‌ని మాత్రం వదిలేయాలి. అది పోస్ట్‌కి గుర్తింపు నంబర్ లాంటిది.

ఆ రాత్రి వచ్చిన అప్లికేషన్లు ఏమయ్యాయి?

రాత్రి 9కి బ్యాకప్ తీశారు. పొద్దున 6కి కొత్త సైట్ ఆన్ చేశారు. మధ్యలో ఇద్దరు పేరెంట్స్ అడ్మిషన్ ఫారం నింపారు. అవి ఎక్కడున్నాయి? పాత డేటాబేస్‌లో. కొత్తదానికి వాటి సంగతే తెలియదు. ఫీజు కట్టిన రికార్డ్ కూడా ఇలాగే పోతే స్కూల్ ఆఫీస్‌లో గొడవే. కాబట్టి టెస్టుకి ఒక బ్యాకప్, అసలు మార్పుకి ఒక బ్యాకప్.. రెండు తీయాలి. రెండోది తీసే ముందు పాత సైట్‌ని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి ఫారాలు ఆపేయాలి. జూన్‌లో అడ్మిషన్ల రద్దీ మధ్య ఈ పని పెట్టుకోవడం తెలివైన పని కాదు. దసరా సెలవులో, సంక్రాంతి సెలవులో నయం.

ఆన్‌లైన్ ఫీజు ఉంటే పేమెంట్ గేట్‌వేలో కొత్త డొమైన్ నమోదు చేయించాలి. ఇది మరిచిపోతే డబ్బు కట్ అవుతుంది, రసీదు రాదు. గేట్‌వే వాళ్ల ఆమోదానికి టైం పట్టొచ్చు. వారం ముందే అడగండి.

పాత పేరే అసలు ఆస్తి

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు చాలామంది 'అయిపోయింది' అనుకుంటారు. నిజానికి కష్టపడి తెచ్చిన ఫైళ్లు సైట్‌లో ఒక భాగం మాత్రమే. ఇన్నేళ్లుగా జనం దగ్గర ఉన్న లింకులు, గూగుల్‌లో వచ్చిన స్థానం, వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన పేజీలు.. ఇవేవీ బ్యాకప్ జిప్‌లో ఉండవు. అవన్నీ పాత పేరుకే అతుక్కుని ఉంటాయి.

అందుకే 301 రీడైరెక్ట్ పెట్టాలి. పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లని కొత్త అడ్రస్‌కి పంపే ఏర్పాటు ఇది. 'శాశ్వతంగా మారాం' అని గూగుల్‌కి కూడా అర్థమవుతుంది. పాత రిజల్ట్స్ పేజీ కొత్త రిజల్ట్స్ పేజీకే వెళ్లాలి. అన్నిటినీ హోం పేజీకి తోసేస్తే గూగుల్ వాటిని లేని పేజీల కిందే లెక్కేస్తుంది. పాత డొమైన్‌కి ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ కూడా బతికే ఉండాలి. లేకపోతే రీడైరెక్ట్ కన్నా ముందే బ్రౌజర్‌లో 'ఈ సైట్ సురక్షితం కాదు' అని హెచ్చరిక వస్తుంది. పేరెంట్స్ అక్కడే వెనక్కి తిరుగుతారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో ఇది ఉచితమే, కాకపోతే 90 రోజులకోసారి రెన్యూ అవుతుండాలి.

ఆ తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో 'చేంజ్ ఆఫ్ అడ్రస్' అనే టూల్ ఉంది. పాత, కొత్త సైట్లు రెండూ ఒకే అకౌంట్‌లో వెరిఫై అయి ఉండాలి. అక్కడ చెప్పాక 180 రోజుల పాటు గూగుల్ ఆ మార్పుని లెక్కలోకి తీసుకుంటుంది. రీడైరెక్ట్‌ని కనీసం ఏడాది ఉంచమని గూగులే చెబుతోంది. ఏడాది కాదు, ఉన్నన్నాళ్లు ఉంచండి అనేది మా మాట. ఎందుకంటే..

మెయిల్ వల్ల. పాత డొమైన్ మీద ప్రిన్సిపాల్ మెయిల్ ఐడీ ఉందనుకోండి. బోర్డు లాగిన్, బ్యాంక్ అలర్ట్‌లు, ఫేస్‌బుక్ పేజీ.. అన్నీ దాంతోనే రిజిస్టర్ అయ్యాయి. మీరు డొమైన్ రెన్యూ చేయలేదు. డాట్ కామ్ అయితే రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల వరకు గ్రేస్ ఉంటుంది. ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్. ఇంకో 5 రోజులకు ఖాళీ అయి మార్కెట్‌లో పడుతుంది. ఎవరో కొంటారు. అదే మెయిల్ ఐడీ మళ్లీ తయారు చేసుకుంటారు. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కుతారు. ఓటీపీ ఎవరికి వెళ్తుంది? కొత్త ఓనర్‌కి! హ్యాకింగ్ కూడా అక్కర్లేదు. ఇంకొందరు ఆ పేరు మీద బెట్టింగ్ సైట్ పెడతారు. స్కూల్ లింక్ అని పిల్లలు నొక్కితే తెరుచుకునేది అదే.

వెబ్‌సైట్ బ్యాకప్‌లో మెయిల్స్ సాధారణంగా రావు. వాటిని వేరుగా తీసుకోవాలి. ఎక్కడెక్కడ పాత మెయిల్ ఇచ్చారో లిస్ట్ రాసుకుని ఒక్కొక్కటిగా మార్చాలి. కొత్త డొమైన్‌కి ఎంఎక్స్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు పెట్టకపోతే మీరు పంపే మెయిల్స్ స్పామ్‌లో పడతాయి.

డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

పని మొదలుపెట్టే ముందు చూడాల్సింది నిజానికి ఇదే. చాలా ఊళ్లలో సైట్ చేసిచ్చిన కుర్రాడే తన అకౌంట్‌లో డొమైన్ కొని ఉంటాడు. ఆ కుర్రాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగంలోనో, అమెరికాలోనో ఉంటాడు. తప్పు పట్టాల్సిన పని లేదు, అప్పట్లో అలాగే జరిగేది. కానీ లాగిన్ మీ చేతిలో లేకుండా రీడైరెక్ట్ పెట్టలేరు, రెన్యూ చేయలేరు. ముందు ఫోన్ చేసి డొమైన్‌ని స్కూల్ అకౌంట్‌కి మార్పించుకోండి. రెన్యూవల్ మెసేజ్ వచ్చే ఫోన్ నంబర్, మెయిల్ మీవే ఉండాలి. ఆ మెయిల్ పాత డొమైన్‌దే అయి ఉండకూడదు.

చివరగా కంప్యూటర్ పక్కన పెట్టి ఓసారి బయటికి రండి. స్కూల్ బస్సు వెనక, ఫీజు రసీదు మీద, మెయిన్ రోడ్డు ఫ్లెక్సీ మీద క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి. ఒక్కొక్కటి ఫోన్‌తో స్కాన్ చేయండి. అవి తెరిచేది ఇంకా పాత అడ్రస్‌నే. రీడైరెక్ట్ సరిగా ఉంటే కొత్త సైట్ వస్తుంది, ఫ్లెక్సీ మార్చాల్సిన ఖర్చు కూడా ఉండదు.